కెల్విన్ గ్రేవీలో ఉప్పు

మార్చి 1, ఆదివారం. సాయంత్రం 5.00

క్లెగ్‌షా పురప్రజలందరికీ తెలియజేయడమేమనగా: నెవిల్ డక్‌వర్త్ అనబడే నేను, వయసు యాభై అయిదు, వృత్తి ఇళ్ళ చూరు గొట్టాల్లో పేరుకున్న ఆకులు తీయడం, ఈ మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు, సగం బంగాళాదుంపను క్యాబేజీ ఆకు కింద దాచితిని. సాక్షి: నా భార్య గేనర్.

దాచడానికి కారణం గ్రేవీ.

ప్రతి ఆదివారంలాగే 'వంకర కెటిల్' పబ్బుకి భోజనానికి వెళ్ళాం. రోస్ట్ చేసిన గొడ్డుమాంసం, దుంపలు, గుడ్డు, మైదా పిండితో దొప్పలా పొంగిన యార్క్‌షైర్ పుడ్డింగు, అన్నిటి మీదా మాంసం రసంతో కాచిన గ్రేవీ. వండేది కెల్విన్. ఒకటో క్లాసు నుంచీ నా స్నేహితుడు. ఒకప్పుడు వాడి గ్రేవీ కోసం పక్క ఊళ్ళ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఏడాదిగా అది గ్రేవీ కాదు, సముద్రం. నోట్లో పెట్టుకుంటే చెవులు కదులుతున్నాయి.

సరిగ్గా నా నోరు నిండుగా ఉన్నప్పుడు కెల్విన్ వాళ్ళమ్మ బెరిల్ పిన్ని వచ్చి నిలబడింది. డెబ్బై ఎనిమిదేళ్ళు. వడ్డన అంతా ఆవిడదే. మా దేశంలో వడ్డించేవాళ్ళకి ఎక్కడ నేర్పుతారో గాని, ముద్ద నోట్లో ఉన్న క్షణం చూసే అడుగుతారు.

"అంతా బాగుందా నాయనా?"

"అద్భుతం పిన్నీ."

పబ్బు నుంచి మా ఇంటికి పదకొండు నిమిషాల నడక. పదకొండు నిమిషాలూ ఆ ఉప్పు గురించే మాట్లాడాను. గేనర్ మా వీధి మలుపు దాకా విని ఆగిపోయింది. దంతవైద్యుడి దగ్గర పనిచేస్తుంది. రోజూ జనం చేత నోళ్ళు తెరిపించడం ఆమెకి అలవాటు.

"నాతో ఇంతసేపు చెప్పావు. ఆ వంటింటి తలుపు దాకా వెళ్ళి ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"వాడు బాధపడతాడే."

"పదిహేనో తేదీన బీరు కంపెనీ మనిషి వచ్చి ఆ గ్రేవీ తింటే బాధపడడా?"

అదీ సంగతి. పబ్బు బీరు కంపెనీది. పదిహేను అమ్మల ఆదివారం, అందరూ తల్లుల్ని భోజనానికి తీసుకొచ్చే రోజు, ఏడాదిలోకెల్లా రద్దీ. ఆ రోజు కంపెనీ మనిషి వచ్చి తిని చూస్తాడు. నచ్చకపోతే వంటిల్లు మూసేసి జూదం యంత్రాలు పెట్టిస్తారు. కెల్విన్, పిన్ని ఉండేది ఆ పబ్బు మేడ మీదే.

"మరి నువ్వే చెప్పొచ్చుగా," అన్నాను.

"నేను చెబితే ఫిర్యాదవుతుంది. నువ్వు చెబితే స్నేహమవుతుంది. ఊరంతా బాగుంది, బాగుంది అంటూ వాణ్ణి ముంచుతున్నారు. నువ్వు పెద్ద కొంటెవాడివి కదా, ఒక్కసారి మంచికి వాడు ఆ నోరు."

ఈ నోటు పుస్తకం తనే ఇచ్చింది. అట్ట మీద నవ్వుతున్న పన్ను బొమ్మ. రోజూ రాయాలట. పదిహేను దాటాక చదువుతుందట.

తీర్మానం: ఈ రోజు నుంచి నేను తిన్నదాని గురించి ఎవరడిగినా నిజమే చెబుతాను. పదిహేను లోపల కెల్విన్‌కి చెబుతాను.

ఎంత సులువు! పద్నాలుగు రోజులున్నాయి. రేపే చెప్పేస్తే మిగతా పదమూడు రోజులూ ఏం చేయాలో తెలియడం లేదు.

మార్చి 2, సోమవారం. ఉదయం 10.20

సోమ మంగళవారాలు పబ్బుకి సెలవు. కాబట్టి ఈ రోజు సాధన. బస్టాండు హోటల్లో టీ.

"టీ బాగుందా?" అంది అక్కడి అమ్మాయి.

కప్పు కింద పెట్టాను. "కొంచెం పల్చగా ఉందమ్మా."

"అవునా? ఇంకో టీ బ్యాగు వేస్తానుండండి."

అంతే. ఆకాశం విరిగి పడలేదు. యాభై అయిదేళ్ళు నేను ఏ భయంతో బతికాను? బయటికొచ్చి ముగ్గురికి ఫోన్ చేసి ఈ విషయం చెప్పాను. ఇద్దరు ఎత్తలేదు.

మార్చి 3, మంగళవారం. మధ్యాహ్నం 1.15

చేపల కొట్టు. పిండి పూత మెత్తబడింది. చెప్పాను. కొట్టాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని క్షమాపణ అడిగాడు. అంత మర్యాదగా అడిగేసరికి నేనూ అడిగాను. ఆయన మళ్ళీ అడిగాడు. ఈ పద్ధతిలో నాలుగు విడతలు సాగాక, ఆయన మనసు కుదుటపడడానికి ఇంకో రెండు చేపలు కొన్నాను.

అవీ మెత్తగానే ఉన్నాయి. తిన్నాను.

చెప్పింది ఒకటి, మింగింది ఒకటి. సమానం.

మార్చి 5, గురువారం. మధ్యాహ్నం 12.30

పబ్బు తెరిచారు. ధైర్యం నిండుగా ఉంది. ఇంటి దగ్గర అద్దం ముందు ఏడుసార్లు అనుకున్నాను. వెళ్ళాను. రోస్ట్ లేదు, మాంసం కూర. దాని మీదా అదే గ్రేవీ. రెండు ముద్దలు తిన్నాను. కెల్విన్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఎలా ఉందిరా?"

లేచి నిలబడి అందరూ వినేలా అన్నాను: "ఒరేయ్ కెల్విన్, నీ గ్రేవీ ఉప్పు కషాయంరా. గుర్రం కూడా తాగదు."

పబ్బంతా ఒక్కసారి గొల్లుమంది. పబ్బు గోడ మీది పలకకి బాణాలు విసిరే జట్టు నాయకుడు మాల్కం నా వీపు మీద ఒక్కటిచ్చాడు. "వీడు మారడురా బాబూ!" అన్నాడు. కెల్విన్ అందరికంటే ఎక్కువ నవ్వి, నా పళ్ళెంలో ఇంకో గరిటె పోసి వెళ్ళాడు.

తప్పు ఊరిది కాదు. ఇదివరకు నేను చేసినవి:

ఒకటి, మాల్కం బాణాల మొనలకి సబ్బు రాయడం.
రెండు, మేయరు గారు వస్తున్నారని చెప్పి పిన్ని చేత మూడుసార్లు కిటికీలు కడిగించడం.
మూడు, కెల్విన్ పెళ్ళిలో పాస్టరు గారి కుర్చీలో కూర్చుంటే కూసే రబ్బరు సంచి పెట్టడం.

నలభై ఏళ్ళు అబద్ధాలు చెప్పి నవ్వించినవాడు నిజం చెప్పినా నవ్వే వస్తుందని నాకు తట్టలేదు. ఆ రెండో గరిటె కూడా తిన్నాను. మధ్యాహ్నమంతా నిచ్చెన మీద నీళ్ళ సీసాతో గడిపాను.

మార్చి 6, శుక్రవారం

ఈ రోజు చెప్పకపోవడానికి కారణాలు: వాన. వాడికి పని ఎక్కువ. నాకు పని ఎక్కువ (లేదు). శుక్రవారం ఎవరికీ చెడ్డమాట చెప్పకూడదని మా నాన్నమ్మ అనేది (అనలేదు).

ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

మార్చి 7, శనివారం. సాయంత్రం 4.00

దారి దొరికింది. మొహం ఎదురుగా చెప్పలేం కాబట్టే దేవుడు ఇంటర్నెట్ ఇచ్చాడు. నేను పరీక్షలు రాయకుండానే బడి మానేసినవాణ్ణి కాబట్టి, చదువుకున్న మనిషి పేరు పెట్టుకున్నాను. శ్రీమతి హెర్మియోన్ ప్లాట్, విశ్రాంత సంగీత ఉపాధ్యాయిని.

హోటళ్ళ మీద అభిప్రాయాలు పెట్టే చోట రాసింది ఇది:

"వంకర కెటిల్ పబ్బులో మాంసం వెన్నలా ఉంది. పుడ్డింగు పొంగు చూస్తే చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ ఆ గ్రేవీ! అంత మంచి గ్రేవీకి అంత ఉప్పు వేసిన చేతికి ఏం కష్టం వచ్చిందో అని బెంగ కలిగింది. అయ్యా, సగం తగ్గించండి. మళ్ళీ వస్తాను."

అయిదుకి మూడు స్టార్లు. నాలుగుసార్లు చదువుకున్నాను. నిజం చెప్పాను కదా. పేరొక్కటే నాది కాదు.

మార్చి 8, ఆదివారం. మధ్యాహ్నం 3.30

ఘోరం.

మాల్కం దాన్ని చూసి, అచ్చు తీసి, పబ్బు గోడకి అంటించాడు. పన్నెండు గంటలకల్లా ఊరంతా వచ్చేసింది. నిలబడడానికి చోటు లేదు. ఏడాదిగా కెల్విన్ తిండి ముట్టనివాళ్ళు కూడా ఆ ప్లాట్ మీద కసితో రోస్ట్ తెప్పించుకున్నారు.

"ఎవరే ఈ ప్లాట్?"

"పై ఊరి మనిషై ఉంటుంది. పియానో వాయించే వేళ్ళకి గ్రేవీ ఏం తెలుస్తుంది?"

"పిన్నీ, అద్భుతం పిన్నీ!" అని ఒక బల్ల. "ఇంత బాగా ఎప్పుడూ తినలేదు!" అని ఇంకో బల్ల. అనేవాళ్ళందరి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఎందుకో నాకు తెలుసు.

మాల్కం ఒక కాగితం పట్టుకొచ్చాడు. ప్లాట్ గారు క్షమాపణ చెప్పాలని కోరుతూ ఊరి తరఫున ఉత్తరం. "మొదటి సంతకం చిన్ననాటి స్నేహితుడిది," అన్నాడు. పెట్టాను. ఏదైనా మాట్లాడమన్నారు. మాట్లాడాను. బల్లెక్కి మరీ మాట్లాడాను. హెర్మియోన్ ప్లాట్ లాంటివాళ్ళ వల్లే ఈ దేశం ఇలా తయారైందన్నాను. చప్పట్లు.

గేనర్ చప్పట్లు కొట్టలేదు. తను తాగే నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

కెల్విన్ వంటింటి గుమ్మంలో నిలబడి గోడ మీది కాగితం చదువుతున్నాడు. రెండోసారి. మూడోసారి.

మార్చి 10, మంగళవారం. ఉదయం 11.00

పబ్బు వెనక చూరు గొట్టం మూసుకుపోయిందని కెల్విన్ ఫోన్ చేశాడు. నిచ్చెనేసి ఎక్కాను. వాడు కింద నిచ్చెన పట్టుకున్నాడు. పైకి చూడకుండా అన్నాడు:

"నెవ్, ఒకటి చెబుతా, ఎవరితో అనకు. నాకు రుచి తెలీదురా."

"ఏంటీ?"

"రెండేళ్ళ కిందట ఆ జ్వరమొచ్చింది చూడు, అప్పుడు పోయింది. వాసనా పోయింది. మొదట్లో చేతి అలవాటు మీద వండా. బాగానే నడిచింది. తర్వాత చేతికీ అనుమానం పట్టుకుంది. అనుమానం వచ్చినప్పుడల్లా ఇంకో చిటికెడు."

నా చేతిలో కుళ్ళిన ఆకుల ముద్ద. ఎక్కడ పారేయాలో తెలియలేదు.

"అమ్మకి తెలుసా?"

"చెప్పలా. డాక్టరు ఆవిడకి ఉప్పు మాన్పించాడుగా, నా గ్రేవీ ముట్టదు. జనం బాగుందంటున్నారు కదా, ఆ మాట పట్టుకునే వండుతున్నా. ఈ వంటిల్లు పోతే అమ్మని తీసుకుని ఎక్కడికి పోను?" అప్పుడు పైకి చూశాడు. "ఆ ప్లాట్ అనే ఆవిడ చెప్పింది నిజమా?"

ఇంతకంటే మంచి సమయం ఈ జన్మలో రాదు. అడిగాడు. ఒంటరిగా ఉన్నాం. మాల్కం లేడు, నవ్వేవాళ్ళు లేరు.

"ఆవిడకి నాలుక లేదురా," అన్నాను.

నాలుక పోయిన మనిషి మొహం చూస్తూ ఆ మాట అన్నాను. వాడు తలూపి, "సరే" అని, నిచ్చెన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, నేను పడిపోతానేమోనని.

మార్చి 11, బుధవారం

ఆరోగ్యం బాగోలేదు. (బాగానే ఉంది.)

మార్చి 12, గురువారం. సాయంత్రం 6.00

గోడ మీద ఆ కాగితం ఇంకా ఉంది. కెల్విన్ అటు వెళ్ళినప్పుడల్లా చూస్తున్నాడు. చూడలేక ఇంటికొచ్చి ఇంకో అభిప్రాయం రాశాను. కల్నల్ బార్నబీ స్మైల్స్, సైన్యంలో ముప్ఫై ఏళ్ళు, ప్రపంచమంతా తిన్న మనిషి. "ఇలాంటి గ్రేవీ కోసం సైనికులు ప్రాణాలిస్తారు." అయిదు స్టార్లు.

తీర్మానం ప్రకారం నేను తిన్నదాని గురించి నేను నిజం చెప్పాలి. కల్నల్ గారు తీర్మానం చేయలేదు.

మార్చి 14, శనివారం. మధ్యాహ్నం 2.00

ఈ రోజు చెప్పిన అబద్ధాల పట్టిక. బస్టాండు టీ: "బ్రహ్మాండం." (గోరువెచ్చని నీళ్ళు.) చేపల కొట్టు: "కరకరలాడుతోంది." (లేదు.) మా వదిన పంపిన కేకు: "ఇంకో ముక్క ఉందా?" (ఉంది. అదే కష్టం.) పబ్బు దగ్గర పిన్ని, రేపటి కోసం బల్లల మీద పూలు సర్దుతూ: "రేపు బాగా జరుగుతుందంటావా నాయనా?"

"ఎందుకు జరగదు పిన్నీ?"

ఆ పట్టికలో ఈ చివరిది ఒక్కటే గొంతు దిగడం లేదు.

మార్చి 15, అమ్మల ఆదివారం

ఉదయం 9.30. నేనూ గేనరూ సాయానికి వెళ్ళాం. వచ్చే తల్లులందరికీ ఇవ్వాల్సిన పసుపు పూల గుత్తులు గేనర్ కడుతోంది. నేను వంటింట్లో దుంపలు చెక్కు తీస్తున్నాను.

10.45. కెల్విన్ గ్రేవీ కలుపుతున్నాడు. పెద్ద తపేలా, పదకొండు లీటర్లు. చెంచాతో తీసి నా ముందు పెట్టాడు. "చూసి చెప్పరా. నువ్వు చెబితే నమ్ముతా."

నోట్లో పెట్టుకున్నాను. ఒళ్ళు జలదరించింది.

"బాగుంది," అన్నాను.

10.50. కంపెనీ మనిషి కారు వచ్చింది. కుంటుకుంటూ దిగాడు. దొరగారి మీసాలు.

10.51. ఇక దారి లేదు. మూడు మాటలు నోటితో చెప్పలేనివాడు ఏం చేస్తాడో అదే చేశాను. మోచేత్తో తపేలా తోశాను. పదకొండు లీటర్లూ నేల మీద. నా కాలు కాలింది. పిన్ని కెవ్వుమంది. కెల్విన్ తిట్టలేదు. "పోనీలే, గంట టైముంది," అని ఇంకో తపేలా పెట్టాడు. ఉల్లిపాయలు, మాంసం రసం, పిండి. అంతా ముందులాగే. ఉప్పు డబ్బా తీశాడు. ఒక చిటికెడు. రెండు. మూడు. నాలుగు.

11.40. వాడి చేయి పట్టుకున్నాను. మణికట్టు దగ్గర, గట్టిగా. కళ్ళల్లోకి చూసి, "చాలురా కెల్విన్. ఏడాదిగా ఎక్కువవుతోంది," అన్నాను. ఇద్దరి కళ్ళలో నీళ్ళు. వంటిల్లంతా నిశ్శబ్దం. బయట పక్షులు కూడా ఆగాయి.

12.20. కంపెనీ మనిషి తింటున్నాడు. నోరు నిండుగా ఉంది. పిన్ని వెళ్ళి నిలబడింది.

"అంతా బాగుందా నాయనా?"

"చాలా బాగుందండీ. థాంక్యూ."

వంటింటి తలుపు సందులోంచి నేనూ కెల్విన్ చూస్తున్నాం.

"అంటే ఏంట్రా?" అన్నాడు కెల్విన్.

నాకేం తెలుసు? ఈ దేశంలో అందరూ అదే అంటారు.

మార్చి 17, మంగళవారం. మధ్యాహ్నం 12.00

నిన్న కంపెనీ నుంచి ఫోన్. సెప్టెంబరు దాకా వంటిల్లు ఉంటుంది. తర్వాత మళ్ళీ వచ్చి తింటారట. ఆ మనిషి గ్రేవీ గిన్నె రెండోసారి అడిగి పోసుకున్నాడని పిన్ని ఇప్పటికి ఊళ్ళో అందరికీ చెప్పింది.

పొద్దున పబ్బుకి వెళ్ళి కెల్విన్‌తో అన్నాను: "ప్లాట్ నేనేరా."

"తెలుసు," అన్నాడు.

"ఎలా?"

"మా గ్రేవీని అంత ప్రేమగా తిట్టేది ఈ ఊళ్ళో ఇంకెవరు? ఆ కల్నల్ కూడా నువ్వేనా?"

"నేనే."

"వాడు మాత్రం దరిద్రుడురా."

వాడూ ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాడు, చూపించాడు. ఎన్ని చిటికెలు వేస్తున్నాడో ఇప్పుడు రాసుకుంటున్నాడు. రోజూ పదింటికి నేను వెళ్ళి రుచి చూడాలట. పిన్నికి విషయం వాడే చెప్పాడు. ఆవిడ వాడి చెవి పట్టుకుని మెలిపెట్టి, తర్వాత సూపు కాచి ఇచ్చిందట, రుచి తెలియకపోయినా వేడి తెలుస్తుంది కదా అని.

కాబట్టి పురప్రజలకు మళ్ళీ మనవి: తీర్మానం ఈ రోజు నుంచి కొత్తగా మొదలు. తిన్నదాని గురించి నిజమే చెబుతాను. సెలవు రోజైనా పది గంటలకి మొదటి పరీక్ష అయింది. చెంచా ఇచ్చి, "ఎలా ఉంది?" అన్నాడు. ఉప్పు మరీ తగ్గించేశాడు, భయంతో. నోటిదాకా "అద్భుతం" వచ్చింది. మింగాను. "చప్పగా ఉందిరా," అన్నాను. ఒక చిటికెడు వేసి మళ్ళీ చెంచా ఇచ్చాడు.

గేనర్ ఈ పుస్తకం చదివింది. పెన్సిల్‌తో సున్నాలు చుట్టి నా ముందు పెట్టింది. తీర్మానం దీనికీ వర్తిస్తుందంది. కాబట్టి ఒప్పుకుంటున్నాను.

కంపెనీ మనిషి కుంటలేదు. మీసాలు లేవు. మామూలు మనిషి, గొడుగు పట్టుకొచ్చాడు.

తపేలా పదకొండు లీటర్లు కాదు, నాలుగు. నా కాలు కాలలేదు, మేజోడు తడిసింది. పిన్ని కెవ్వుమనలేదు. "అయ్యో," అంది.

బస్టాండు నుంచి నేను ఫోన్ చేసింది ఒక్కరికి. ఎత్తలేదు.

పక్షుల సంగతి నాకు తెలియదు. వంటింట్లోకి వినపడవు.

చేయి పట్టుకున్నది నేను కాదు. నేను మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తున్నాను. కెల్విన్ నాలుగో చిటికెడు తీస్తుంటే గేనర్ కత్తెర కోసం లోపలికొచ్చింది. చెంచా ముంచి నోట్లో పెట్టుకుంది. "ఉప్పెక్కువైంది కెల్విన్," అంది. "ఎంత?" అన్నాడు వాడు. "సగానికి సగం. నీళ్ళు పొయ్యి, ఉప్పు లాగడానికి రెండు దుంపలు వెయ్యి." వాడు పోశాడు. వేశాడు. ఎవరూ ఏడవలేదు. ఆమె కత్తెర తీసుకుని పూల దగ్గరికి వెళ్ళిపోయింది. మొత్తం అర నిమిషం పట్టింది.

మిగతాదంతా జరిగిందే.